218ని 219 అని చదివిన సాయంత్రం

శుక్రవారం సాయంత్రం ఏడు గంటలు, కేపీహెచ్‌బీ బస్టాప్. జేబీఎస్‌కి వెళ్లి సిరిసిల్ల బస్సు పట్టుకోవాలి. ఊరికి వెళ్లి రెండు నెలలైంది. దూరంగా బస్సు వస్తోంది, బోర్డు మీద 219 కనిపించింది. పరుగెత్తి ఎక్కేశా. తోపులాటలో బ్యాగు ముందుకి వేసుకుని, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని నిలబడ్డాక కండక్టరమ్మ వచ్చింది. "సికింద్రాబాద్ ఒకటి" అన్నాను. ఆమె టికెట్ మిషన్ నొక్కబోయి ఆగి నా ముఖంలోకి చూసింది.

"ఇది కోఠీ పోతది తమ్మీ. 218. బోర్డు సూడలేదా?"

చూశాను. చూసే ఎక్కాను. అదే అసలు సమస్య.

హైదరాబాద్‌లో ఆ రూట్లో తిరిగేవాళ్లకి తెలుసు, 218, 219 రెండూ పటాన్‌చెరు నుంచే వస్తాయి, కొంత దూరం ఒకటే దారి, ఆ తర్వాత ఒకటి కోఠీకి, ఒకటి సికింద్రాబాద్‌కి. కాబట్టి పెద్ద నష్టమేం లేదు, అమీర్‌పేటలో దిగి ఇంకోటి ఎక్కాను. కానీ దిగాక అక్కడ నిలబడి వచ్చే ప్రతి బస్సు నంబరూ చదవడానికి ప్రయత్నించా. ఇరవై అడుగుల దగ్గరికి వచ్చేదాకా అన్నీ తెల్లటి ముద్దలే. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. కళ్లద్దాలు ఎప్పుడూ లేవు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ చివరి బెంచీలో కూర్చున్నోణ్ని. బోర్డు మీద రాసింది బుర్రకి ఎక్కిందా లేదా అన్నది వేరే సంగతి, కళ్లకైతే కనిపించేది.

ఈ కాలమ్‌లో ఇప్పటిదాకా యాప్‌ల గురించి, పాస్‌వర్డ్‌ల గురించి, ఈఎంఐల గురించి రాశా. ఈ వారం వాటన్నిటినీ చూసే కళ్ల గురించి. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. చేసిన తప్పులన్నీ నావే, కాబట్టి వాటి గురించి మాత్రం సాధికారంగా చెప్పగలను.

ఊర్లో అమ్మ వెంటనే పట్టేసింది. టీవీ చూస్తుంటే, "ఏందిరా, కండ్లు గట్ల చిన్నగ చేసి సూస్తున్నవ్?" అంది. అమ్మ బ్లౌజులు కుడుతుంది. 2018లో కంటి వెలుగు క్యాంపులో ఇచ్చిన అద్దాలు ముక్కు మీదకి జారేసుకుని, వాటి పైనుంచి నన్ను చూస్తూ అంది ఆ మాట. నేను "ఏం లేదమ్మా, నిద్ర లేక" అన్నాను. విచిత్రం ఏంటంటే మర్నాడు పొద్దున డాబా ఎక్కి చూస్తే ఊరవతల గుడి గోపురం మీది కలశం కూడా స్పష్టంగా కనిపించింది. అబ్బా, బాగానే ఉన్నాం అనుకున్నా. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, పొద్దున బాగుండి సాయంత్రానికి మసకబారడం. తర్వాత దీని మీదే కథ అంతా తిరిగింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి. అంతకు రెండు నెలల ముందు నుంచే కళ్లు మండేవి. ఇసుక పడ్డట్టు ఉండేది. సాయంత్రానికి ఎర్రగా అయ్యేవి. ఒక రిలీజ్ ఉంది, మూడు వారాలు రాత్రిళ్లు కూడా కూర్చున్నాం. ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూస్తే రోజుకి సగటున ఆరు గంటల నలభై నిమిషాలు. దానికి ఆఫీసు ల్యాప్‌టాప్ తొమ్మిది గంటలు కలపండి. మెలకువగా ఉన్నదే పదిహేడు గంటలు. అంటే స్నానం, ట్రాఫిక్, తిండి తప్ప మిగతా అంతా తెరే. తింటున్నప్పుడు కూడా తెరే అనుకోండి, ఎందుకు అబద్ధం.

క్లయింట్‌తో వీడియో కాల్ ఉన్న రోజు అద్దంలో చూసుకుంటే రాత్రంతా ఏడ్చినట్టున్నాయి కళ్లు. హాస్టల్ కింద మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, కళ్లు ఎర్రగా అవుతున్నాయి" అన్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి ఒక చిన్న సీసా తీసి ఇచ్చాడు. రెండు చుక్కలు వేసుకున్నా. సాయంత్రానికి ఎరుపు పోయింది! మంట తగ్గింది. ఇంత చిన్న సీసాకి ఇంత శక్తా అనుకున్నా. ఇక ఎప్పుడు ఎర్రబడితే అప్పుడు, రోజుకి రెండుసార్లో మూడుసార్లో. అలా దాదాపు ఆరు వారాలు. మూడు సీసాలు ఖాళీ చేశా. రూమ్మేట్‌కి కూడా సిఫార్సు చేశాను, వాడు బతికిపోయాడు, బద్ధకంతో కొనలేదు.

ఊరి నుంచి వచ్చాక సోమవారం ఆఫీసు అయ్యాక కళ్లజోళ్ల షాపుకి వెళ్లా. కంప్యూటర్ టెస్ట్ ఫ్రీ. గడ్డం ఆనించి మిషన్‌లోకి చూస్తే దూరంగా రోడ్డు చివర ఒక బెలూన్ కనిపిస్తుంది, అందరం చూసిందే. రెండు కళ్లకీ మైనస్ ముప్పావు అని కాగితం వచ్చింది. "సైట్ వచ్చింది సార్. సిస్టమ్ వర్కా? అయితే బ్లూ కట్ తప్పనిసరి" అన్నాడు. ఒక చిన్న నీలం టార్చి తీసి మామూలు అద్దం మీద, బ్లూ కట్ అద్దం మీద వేసి చూపించాడు. మామూలు దాంట్లోంచి నీలం వెలుగు దూసుకుపోయింది, బ్లూ కట్‌లోంచి పోలేదు. కళ్ల ముందే రుజువు! రెండు వేల నాలుగు వందలు కట్టాను.

ఆ అద్దాలతో బస్సు బోర్డు కనిపించింది నిజమే. కానీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే నుదురు పగిలిపోయేది. అలవాటవుతుందిలే అని పది రోజులు భరించా. పదకొండో రోజు స్టాండప్ మీటింగ్‌లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అప్పుడు వెళ్లాను కంటి ఆసుపత్రికి. ముందే వెళ్లాల్సింది, తెలుసు.

డాక్టర్ మేడమ్ అడిగిన మొదటి ప్రశ్నే, "ఏమైనా చుక్కలు వాడుతున్నారా?" ఫోన్‌లో సీసా ఫొటో ఉంటే చూపించా. దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "ఎవరు రాశారిది?" అంది. "ఎవరూ రాయలేదు మేడమ్, షాపులో ఇచ్చారు." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కంటి ప్రెషర్ చూడమని పక్క గదిలోని అమ్మాయికి చెప్పింది.

ఆ సీసాలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ ఉంది. అది స్టెరాయిడ్. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంది. చదవాలంటే కళ్లు బాగుండాలి, అది వేరే విషయం. స్టెరాయిడ్ వాపుని, ఎరుపుని చకచకా తగ్గిస్తుంది, అందుకే మ్యాజిక్‌లా అనిపిస్తుంది. కానీ కొందరిలో వారాల తరబడి వాడితే కంటి లోపలి ప్రెషర్ పెరుగుతుంది. కంట్లో ఒక నీరు ఎప్పుడూ ఊరుతూ, ఒక సన్నని జల్లెడలాంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ ఆ దారిని బిగిస్తుంది. నీరు లోపల నిలిస్తే ఒత్తిడి వెళ్లి వెనకనున్న నరం మీద పడుతుంది. మామూలుగా 21 లోపు ఉండాలి అంటారు. నాకు 24 వచ్చింది.

"ఇది ఇలాగే ఇంకో ఏడాది వాడితే?" అని అడిగా. మేడమ్ కంగారుపెట్టలేదు, దాచలేదు కూడా. గ్లకోమా రావొచ్చు అంది. నొప్పి ఉండదట. ముందు పక్క చూపు పోతుందట, మధ్యలోది చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి మనకి తెలియదట. పోయింది మాత్రం మందులతో గానీ ఆపరేషన్‌తో గానీ తిరిగి రాదు. ఎక్కువ కాలం వాడితే శుక్లాలు కూడా రావొచ్చు. నరం పరీక్ష చేసి, "నీ అదృష్టం, ఇంకా ఏం కాలేదు. ఆపేయ్. నాలుగు వారాల తర్వాత రా" అంది. అంతదాకా మీరు అన్న మనిషి ఒక్కసారిగా నువ్వు అంది. అప్పుడు తెలిసింది నాకు విషయం ఎంత సీరియస్సో.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవండి. స్టెరాయిడ్ చుక్కలే చెడ్డవని కాదు. ఆపరేషన్ తర్వాత, కొన్ని రకాల వాపులకి డాక్టర్లు అవే రాస్తారు, మధ్యమధ్యలో ప్రెషర్ చూస్తూ. మీకెవరైనా డాక్టర్ రాసిచ్చి ఉంటే ఈ కాలమ్ చదివి మీ అంతట మీరు ఆపేయకండి, వాళ్లనే అడగండి. నేను చెప్పేది చీటీ లేకుండా కొనే సీసా గురించి. ఇంట్లో ఉంటే ఇప్పుడే తీసి చూడండి. పేరు చివర "సోన్" అనో "సొలోన్" అనో ఉందా, అది ఎవరు రాశారో గుర్తుచేసుకోండి. స్టెరాయిడ్ లేకుండా కేవలం ఎరుపు తగ్గించే చుక్కలు కూడా ఉంటాయి. అవి రక్తనాళాల్ని బిగిస్తాయి అంతే. వాడీ వాడీ ఆపితే ఎరుపు రెట్టింపై తిరిగొస్తుంది, మళ్లీ వేస్తాం. ఈ లూప్‌కి బ్రేక్ ఉండదు.

సరే, ఎరుపెందుకు వచ్చింది అసలు? మేడమ్ ఒక నారింజ రంగు కాగితం ముక్క కంటికి తాకించి, నీలం లైటు వేసి, "రెప్ప వేయకుండా చూడు" అంది. రెప్ప తర్వాత కన్నీటి పొర ఎన్ని సెకన్లకి చిరుగుతుందో లెక్కపెట్టడమట అది. పది సెకన్లు ఉండాలి. నాది నాలుగో సెకనుకే చిరిగింది.

కన్నీళ్లంటే మనకి ఏడుపే గుర్తొస్తుంది కానీ కంటి మీద ఎప్పుడూ ఒక పల్చటి తడి పొర ఉంటుంది. పైన నూనె, మధ్యలో నీరు, అడుగున జిగురు. ఆ నూనె రెప్పల అంచుల్లోని చిన్న గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప వేసిన ప్రతిసారీ కొంచెం నూనె పిండి, పొరని మళ్లీ సాపుగా పరుస్తుంది. అమ్మ దోసె పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్దినట్టు. మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల వరకు రెప్ప వేస్తాం. తెర వైపు చూస్తున్నప్పుడు అది మూడో వంతుకో సగానికో పడిపోతుంది. పైగా వేసేవి కూడా సగం సగం రెప్పలే, పై రెప్ప కింద రెప్పని తాకకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. నా నెత్తి మీదే ఏసీ గాలి. పెనం మాడకుండా ఎలా ఉంటుంది.

అసలైన ట్విస్టు మాత్రం సైట్ దగ్గర. షాపు కాగితం చూసి మేడమ్, "ఈ పరీక్ష ఎన్ని గంటలకి చేశారు?" అంది. సాయంత్రం ఏడున్నరకి, ఆఫీసు అయ్యాక అన్నాను. "పొద్దున దూరం బాగా కనిపిస్తుందా?" గోపురం మీది కలశం గుర్తొచ్చింది. చెప్పా. కంట్లో చుక్కలు వేసి బయట కూర్చోమన్నారు. ముప్పావుగంట తర్వాత మళ్లీ మిషన్ ముందు కూర్చోబెడితే రెండు కళ్లకీ సున్నా. అంటే నాకు సైటే లేదు!

కంటి లోపల లెన్స్ చుట్టూ ఒక కండరం ఉంటుంది. దగ్గరిది చూడాలంటే అది బిగుసుకోవాలి, దూరం చూడాలంటే వదులవ్వాలి. కూరగాయల సంచి రెండు కిలోమీటర్లు మోసుకొచ్చి కింద పెట్టాక వేళ్లు వెంటనే తెరుచుకోవు చూడండి, అలాగే రోజంతా అరచేతి దూరంలో ఫోన్, మూరెడు దూరంలో ల్యాప్‌టాప్ చూసీ చూసీ ఆ కండరం బిగుసుకుపోయింది. ఇక బస్సు బోర్డు చూడమంటే ఎక్కడ వదులుతుంది? రాత్రి నిద్రలో సడలేది, పొద్దున కలశం కనిపించేది, సాయంత్రానికి మళ్లీ బిగుసుకునేది. మిషన్ పాపం అది చూసిందే చెప్పింది. నేను కొన్న మైనస్ అద్దాలు ఆ బిగుసుకున్న కండరాన్ని ఇంకొంచెం బిగించమని అడిగాయి, అందుకే నుదురు నొప్పి. ఇది అందరి సైట్ విషయంలో ఇంతే అని అనుకోకండి, చాలామందికి వచ్చేది నిజమైన సైటే, దానికి అద్దాలు పెట్టుకోవాల్సిందే. కానీ పెద్దయ్యాక కొత్తగా, ఉన్నట్టుండి మైనస్ వస్తే మాత్రం పొద్దున పూట, అవసరమైతే చుక్కలు వేసి చూపించుకోవడం మంచిది.

ఆ చుక్కల ప్రభావం మరుసటి రోజు దాకా ఉంది. దగ్గరిది ఏదీ కనిపించదు. ఆసుపత్రి బయట నిలబడి క్యాబ్ బుక్ చేద్దామని ఫోన్ తీస్తే అంతా పాలలో ముంచినట్టుంది. సెక్యూరిటీ ఆయన ఆటో పిలిచి ఎక్కించాడు. దిగేటప్పుడు ఆటో అన్నకి ఫోన్ చేతికిచ్చి, "నూట ఎనభై మీరే కొట్టండన్నా" అన్నాను. పిన్ మాత్రం అంకెలు ఎక్కడుంటాయో వేళ్లకి గుర్తుంది కాబట్టి నేనే కొట్టా. ఆయన స్క్రీన్ నాకు చూపించి, "నూట ఎనభయ్యే సార్, సూస్కోండి" అంటాడు, నాకేం కనిపిస్తుంది! పాస్‌వర్డ్‌లు ఎవరికీ ఇవ్వొద్దని ఇదే కాలమ్‌లో నీతులు చెప్పిన మనిషిని. అన్నిటికంటే నవ్వొచ్చేది ఏంటంటే, కళ్లలో ఎండ గుచ్చుకుంటున్నా రోడ్డవతల బస్సుల నంబర్లు మాత్రం చక్కగా చదవగలుగుతున్నా.

ఆ సాయంత్రం ఫోన్ చూడలేక గోడకి ఆనుకుని కూర్చున్నా. రూమ్మేట్ యూట్యూబ్ పెడితే విన్నా. తొమ్మిదింటికే నిద్రొచ్చింది.

ఇప్పుడు ఆ రెండు వేల నాలుగు వందల సంగతి. బ్లూ కట్ గురించి మేడమ్‌ని అడిగితే నవ్వింది. తర్వాత నేనే చదివా. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి జల్లెడ పట్టే కాక్రేన్ అనే సంస్థ 2023లో బ్లూ కట్ అద్దాల మీద 17 ప్రయోగాల్ని పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే కంప్యూటర్ వాడేటప్పుడు వచ్చే కళ్ల అలసట వీటివల్ల తగ్గుతుందని తేలలేదు. అమెరికా కంటి డాక్టర్ల సంఘం కూడా కంప్యూటర్ కోసం వీటిని కొనమని చెప్పదు. ఫోన్ నుంచి వచ్చే నీలం వెలుగు పట్టపగలు ఆకాశం నుంచి వచ్చేదాంతో పోలిస్తే చాలా తక్కువ. షాపులో టార్చి డెమో అబద్ధం కాదు, ఆ అద్దం నీలం వెలుగుని ఆపుతుంది. కాకపోతే నా కళ్లు అలసిపోయింది నీలం వల్ల కాదు, రెప్ప వేయక, కండరం వదలక. దోమలకి భయపడి సింహద్వారానికి తాళం వేసుకున్నట్టుంది నా కొనుగోలు. రాత్రి పూట తెర వెలుగు నిద్రని ఆలస్యం చేస్తుందన్నది మాత్రం వేరే విషయం, అందుకైతే ఫోన్‌లో నైట్ మోడ్ ఫ్రీగానే ఉంది, ఫోన్ పక్కన పెట్టేయడం ఇంకా ఫ్రీ.

మేడమ్ చెప్పినవాటిలో 20-20-20 అందరూ విన్నదే. ప్రతి 20 నిమిషాలకి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడటం. 1990లలో జెఫ్రీ యాన్షెల్ అనే అమెరికన్ ఆప్టోమెట్రిస్ట్ గుర్తుండటానికి వీలుగా ఇలా చెప్పాడు. 20 దగ్గర మహత్యమేం లేదు. ఇరవై అడుగులంటే ఆరు మీటర్లు, ఆ దూరం దాటితే ఆ కండరం దాదాపు వదులైపోతుంది, అంతే. ఇరవై ఐదు నిమిషాలకి చూసినా పాపం తగలదు.

నేను ఇంజినీర్ని కదా, అలారం పెట్టుకుంటే ఏం గొప్ప? ఇరవై నిమిషాలకోసారి తెర మొత్తం నల్లగా చేసి "దూరం చూడరా" అని చూపించే స్క్రిప్ట్ రాశా. రెండో రోజు క్లయింట్‌కి స్క్రీన్ షేర్ చేస్తుంటే అది వచ్చింది. కాల్‌లో ఉన్న తెలుగువాళ్లందరూ మ్యూట్ పెట్టుకుని నవ్వారు. తీసేశా. అలారాలు నాకైతే పని చేయవు, మూడో రోజు నుంచి చెయ్యి దానంతట అదే క్యాన్సిల్ కొడుతుంది. పని చేసింది ఏంటంటే, లీటరు బాటిల్ మానేసి చిన్న గ్లాసు పెట్టుకోవడం. అయిపోగానే లేవాలి. ఫోన్ కాల్ వస్తే కిటికీ దగ్గరికి వెళ్లి మాట్లాడటం. మా ఫ్లోర్ కిటికీలోంచి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి కనిపిస్తుంది. కోడ్ బిల్డ్ అవుతున్నంతసేపు ఇదివరకు రీల్స్ చూసేవాణ్ని, అంటే చిన్న తెర నుంచి ఇంకా చిన్న తెరకి మారి దాన్ని రెస్ట్ అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ బ్రిడ్జి మీద కార్లు లెక్కపెడుతున్నా. మేనేజర్ ఒకసారి "ఏమైంది, ఓకేనా?" అని అడిగాడు.

మానిటర్ ఒక చెయ్యి చాచినంత దూరం జరిపి, పై అంచు కళ్ల కంటే కొంచెం కిందికి ఉండేలా దించా. చూపు కిందికి ఉంటే రెప్ప సగం వాలి ఉంటుంది, కన్ను తక్కువ ఆరుతుంది. ఏసీ గాలి ముఖం మీద పడకుండా సీటు మారా, దీనికి హెచ్‌ఆర్‌కి మూడు మెయిళ్లు పట్టాయి. ఫోన్‌లో అక్షరాలు రెండు సైజులు పెంచా. "ఏంట్రా, మీ తాత ఫోనా?" అని ఏడిపిస్తున్నారు, ఏడిపించనీ. అక్షరం పెద్దదైతే ఫోన్ దానంతట అదే ముఖానికి దూరం జరుగుతుంది. డార్క్ మోడ్ నాకు ఉపయోగపడలేదు, నల్లటి మీద తెల్లటి అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తాయి. మీకు బాగుంటే వాడుకోండి, ఇందులో ఇది మంచి ఇది చెడ్డ అని లేదు. గదిలో వెలుగెంతో తెర వెలుగు కూడా అంతే ఉంటే చాలు. ఇక రెప్పల మీద గోరువెచ్చటి గుడ్డ పెట్టుకోవడం, మేడమ్ రాసిన కన్నీటి చుక్కలు. ఇవి మందు కాదు, తడి మాత్రమే. రోజుకి నాలుగుసార్లకి మించి కావాలంటే ప్రిజర్వేటివ్ లేనివి అడగమంది.

రాత్రి చీకట్లో పడుకుని ఫోన్ చూసేవాళ్లకి ఒకటి చెప్పాలి. ఎప్పుడైనా అలా చూసి లేచాక ఒక కన్ను కనిపించక గుండె ఆగినంత పనైందా? నాకైంది, ఎవరికీ చెప్పలేదు. 2016లో లండన్ డాక్టర్లు ఇలాంటి ఇద్దరి గురించి ఒక పెద్ద వైద్య పత్రికలో రాశారు. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు ఒక కన్ను దిండులో ఉంటుంది, అది చీకటికి అలవాటు పడుతుంది. రెండోది తెర వెలుగుకి అలవాటు పడుతుంది. ఫోన్ ఆపేయగానే వెలుగు చూసిన కన్నుకి చీకట్లో కాసేపు ఏమీ కనిపించదు. కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. ప్రమాదం కాదు. కానీ అది పడుకుని ఫోన్ చూసినప్పుడే, చూస్తున్న కన్నుకే వస్తే ఆ లెక్క. మామూలుగా ఉన్నప్పుడు చూపు పోవడం, మెరుపులు కనిపించడం, ఒక్కసారిగా నల్లటి చుక్కలు ఎక్కువవడం, పక్క నుంచి తెర దిగినట్టు అనిపించడం, కన్ను విపరీతంగా నొప్పి పుట్టి చూపు మసకవడం, వీటికి గూగుల్ చేయకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటికి ఫోన్ చేసి సైట్ లేదటని చెప్తే అమ్మ, "నేను నలభై ఏండ్ల సంది సూదిల దారం ఎక్కిస్తున్న, నాకెన్నడు గిట్ల కాలే" అంది. ఇదివరకైతే నవ్వేసేవాణ్ని. ఈసారి ఆలోచించా. అమ్మ మిషన్ వాకిట్లో అరుగు మీద ఉంటుంది. వీధిలో ఎవరు పోయినా తల ఎత్తుతుంది. "ఏం వదినా, ఎటు పోతున్నవ్?" అంటుంది. వాళ్లు మలుపు తిరిగేదాకా చూస్తుంది. మళ్లీ కుట్టు. గంటకి ఎన్నిసార్లు తల ఎత్తుతుందో లెక్కే లేదు. యాన్షెల్ పేరు ఆమెకి తెలియదు.

నా సంగతి సరే, కండరం బిగిస్తే వదిలింది. మా అక్క కొడుకుది అలా కాదు. ఎనిమిదేళ్లు, మైనస్ రెండు, చుక్కలు వేసి చూసినా అదే. పిల్లల్లో కన్ను పొడవుగా పెరిగి సైట్ వస్తుంది, పెరిగిన కన్ను మళ్లీ పొట్టిది కాదు. దీని మీద 2008లో వచ్చిన ఒక అధ్యయనం చదివాక నాకు నిద్ర పట్టలేదు. సింగపూర్‌లో, సిడ్నీలో ఉండే ఆరేడేళ్ల చైనా సంతతి పిల్లల్ని పోల్చారు. సింగపూర్‌లో 29.1 శాతం మందికి సైట్ ఉంటే, సిడ్నీలో 3.3 శాతం మందికే. సిడ్నీ పిల్లలు పుస్తకాలు తక్కువేం చదవలేదు, ఎక్కువే చదివారు. పెద్ద తేడా ఒక్కటే, సిడ్నీ వాళ్లు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట ఉన్నారు, సింగపూర్ వాళ్లు మూడు గంటలు. ఆటే ఆడాలని లేదు, బయటి వెలుగు కావాలి. మన ఇళ్లలో ట్యూబ్‌లైటు కింద కొన్ని వందల లక్స్ ఉంటే, పగలు బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకి రెండు గంటలు బయట ఉంచే కార్యక్రమమే పెట్టారు. వచ్చిన సైట్‌ని ఇది పోగొట్టదు, రాకుండానో ఆలస్యంగా వచ్చేలానో చేస్తుంది. వాడికి ఒక చెల్లెలుంది, నాలుగేళ్లు, ఇంకా సైట్ రాలేదు. నా భయం దాని గురించి. అది అన్నం తినాలంటే ఫోన్, ఏడుపు మానాలంటే ఫోన్. ఆ ఫోన్ కొనిచ్చింది నేనే, దసరాకి.

నాలుగు వారాల తర్వాత వెళ్తే ప్రెషర్ 16. "ఆరు నెలలకోసారి చూపించుకో" అంది మేడమ్. ఇంకా నువ్వే అంటోంది. మైనస్ అద్దాలు డ్రాయర్‌లో ఉన్నాయి. కళ్లు సాయంత్రానికి ఇంకా మండుతాయి, ముందంత కాదు. రిలీజ్ వారం వస్తే గ్లాసు నింపుకోవడం మర్చిపోతున్నా.

మొన్న అక్కకి ఫోన్ చేసి సింగపూర్, సిడ్నీ కథంతా అరగంట చెప్పా. పిల్లల్ని సాయంత్రం బయట తిప్పు, ఎండ తగ్గాక డాబా మీదైనా సరే అన్నాను. మర్నాడు ఐదింటికి వాట్సాప్‌లో ఫొటో పంపింది. డాబా మీద ఆరేసిన బట్టల మధ్య అన్నాచెల్లెళ్లిద్దరూ బోర్లా పడుకుని ఒకే ఫోన్‌లోకి చూస్తున్నారు. కింద మెసేజ్, "నువ్వు చెప్పినట్లే బయటనే ఉంచిన." సండే బయల్దేరి ఊరికెళ్తున్నా, రెండు షటిల్ బ్యాట్లు కొన్నా.